గేమ్ మధ్యలో పీసీ టక్కున ఆగిపోతోంది, మిగతా పనులకు రోజంతా ఆగదు

బెజవాడ_బుల్లోడు
పది రోజుల నుంచి ఇదే గోల. సైబర్‌పంక్ లాంటి పెద్ద గేమ్ ఆడుతుంటే పీసీ ఒక్కసారిగా ఆరిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, హ్యాంగ్ అవ్వదు, సౌండ్ ఇరుక్కుపోయి బర్రుమనడం కూడా ఉండదు. ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఆగిపోతుంది. బటన్ నొక్కితే మళ్లీ ఆన్ అవుతుంది, విండోస్ మామూలుగానే వస్తుంది. ఒక్కోరోజు గంటన్నరకి, ఒక్కోరోజు రెండు గంటలకి, నిన్నయితే మూడుసార్లు. వాలరెంట్ లాంటి తేలిక గేమ్ ఆడితే మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారీ ఆగలేదు. పగలు ఎనిమిది గంటలు ఆఫీసు పని చేసుకున్నా ఏమీ కాదు.

రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 650 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా). అన్నీ 2021లో కొన్నవి. ఆ ఏడాది గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్లకి తెలుసు ఎంత పోసి ఉంటానో, అది పోయిందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. షాపుకి తీసుకెళ్తే ఐదు నిమిషాలు చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, ఏడు వేలవుతుంది అన్నారు. డబ్బు పెట్టేముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.

గుంటూరు_గేమర్
ఎస్‌ఎంపీఎస్. ఇంకో మాట లేదు. చిన్న గేమ్‌కి ఆగకుండా పెద్ద గేమ్‌కి ఆగుతోందంటే లోడు మోయలేకపోతోంది. మార్చెయ్ బ్రో.

ఫ్యాన్_నంబర్_మూడు
ముందు టెంపరేచర్లు చూడు. మే నెల, అందులో బెజవాడ. క్యాబినెట్ చివరిసారి ఎప్పుడు దులిపావు? నాది పోయినేడాది అచ్చం ఇలాగే ఆగేది. తీరా సైడ్ ప్యానెల్ విప్పితే కూలర్‌కి ఉన్న నాలుగు పిన్నుల్లో ఒకటి ఊడి వేలాడుతోంది. హైదరాబాద్ నుంచి కాకినాడకి పార్సిల్ సర్వీసులో తెప్పించినప్పుడు వదులైనట్టుంది. పిన్ను నొక్కి, పేస్ట్ కొత్తది వేస్తే సరిపోయింది. ఖర్చు మూడు వందలు.

బెజవాడ_బుల్లోడు
మొన్న ఆదివారమే బ్లోయర్‌తో మొత్తం దులిపాను అన్నా. గేమ్‌లో సీపీయూ 72, కార్డు 75 దాటడం లేదు. ఆగిపోయే ముందు కూడా అంతే ఉంది, స్క్రీన్ మూలన పెట్టుకుని చూస్తూనే ఉన్నాను.

సోల్డర్_సుబ్బు
అయితే వేడి కాదు తమ్ముడూ. 5600ఎక్స్‌కి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరినా వెంటనే ఆగదు, ముందు స్పీడు తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది, అప్పటికీ వేడి తగ్గకపోతేనే ఆరిపోతుంది. నువ్వు చెప్పినదాంట్లో ఆ నత్తనడక లేదు. ఫ్యాన్ నంబర్ మూడు గారి పీసీ ఆగేముందు కచ్చితంగా ఇరుక్కుంటూ నడిచి ఉంటుంది, అడగండి.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి మూడు విషయాలు అడుగుతా, జాగ్రత్తగా చూసి చెప్పు. ఆగిపోయాక ముందున్న బటన్ నొక్కితే సరిపోతోందా, లేక వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి వేయాల్సి వస్తోందా? మానిటర్‌లో 'నో సిగ్నల్' అని వస్తోందా, లేక మానిటర్ లైటే ఆరిపోతోందా? విండోస్ తప్పులన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో ఏముంది?

ఫ్యాన్_నంబర్_మూడు
అవును, నిజమే, ఆగే ముందు పది నిమిషాలు ఫ్రేములు పడిపోయేవి.

బెజవాడ_బుల్లోడు
బటన్ ఒక్కటి నొక్కితే చాలు. మానిటర్ అయితే స్క్రీన్ నల్లబడుతుంది, లైటు సంగతి గమనించలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా వరుసగా ఉన్నాయి. గూగుల్ చేస్తే దాని అర్థం ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే అని ఒకచోట, ర్యామ్ పోయినట్టే అని ఇంకోచోట ఉంది. టెన్షన్ ఇంకా పెరిగింది.

గుంటూరు_గేమర్
41 అంటే పవర్. చెప్పాను కదా.

సోల్డర్_సుబ్బు
41 అంటే 'నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయకుండానే కరెంటు పోయింది' అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే మాట, అంతే. ఎవరు తీశారో దానికి తెలీదు. నువ్వు బటన్ నాలుగు సెకన్లు నొక్కిపట్టినా అదే 41 వస్తుంది. అందులో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉందా చూడు. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ కాదు, ర్యామ్, డ్రైవర్ల మీద అనుమానం బాగా తగ్గుతుంది. ఇంకోటి, 41 పక్కన కనిపించే టైము మళ్లీ ఆన్ చేసిన టైము. ఆగిన టైము కావాలంటే 6008 అనే ఈవెంట్ తెరువు, 'ఇన్ని గంటలకు అనుకోకుండా ఆగింది' అని అందులో ఉంటుంది. ఆ టైములన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టు.

భాగ్యనగర్_బెంచ్‌మార్క్
గుంటూరు బ్రో చెప్పిందాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు. నా 3080 కార్డున్న పీసీ ఇలాగే ఆగేది, అదీ 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ మీద. కార్డుకి రెండు పవర్ సాకెట్లు, నేను ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలూ పెట్టాను. కార్డు సగటున తీసుకునేది 320 వాట్లే అయినా మిల్లీసెకన్ల పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది, ఆ క్షణంలో ఎస్‌ఎంపీఎస్ 'ఇది షార్ట్ సర్క్యూట్' అనుకుని చేతులెత్తేస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలో ఒక పెద్దాయన చూసి రెండో కేబుల్ వేరుగా లాగి పెట్టారు, అక్కడితో సమస్య పోయింది. ఇలాంటివాటి కోసమే 2022లో ఎస్‌ఎంపీఎస్‌లకి ఏటీఎక్స్ 3.0 అనే కొత్త ప్రమాణం తెచ్చారు, అందులో రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని రాసి ఉంది. మన 2021 నాటి ఎస్‌ఎంపీఎస్‌లకి ఆ నియమం లేదు.

బెజవాడ_బుల్లోడు
నాది 8 పిన్, 6 పిన్. చూస్తే ఒకే కేబుల్! డబ్బాలో రెండోది అలాగే రబ్బరు బ్యాండుతో ఉంది. ఇప్పుడే వేరుగా పెట్టాను. బగ్‌చెక్ కోడ్ సున్నానే. రాత్రి ఆడి చెప్తా.

పాత_ప్రాసెసర్
కార్డు పోతుందని భయపడుతున్నావు కాబట్టి చెప్తున్నా, ఫ్రేమ్‌రేట్‌కి 60 పరిమితి పెట్టుకుని ఆడు ఈ లోపు. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే గేమ్ బీటా అప్పుడు కొందరి 3090 కార్డులు పోయాయి, మెనూ స్క్రీన్‌లో ఫ్రేములకి హద్దు లేక కార్డు ఊరికే పరిగెత్తేది. తర్వాత మెనూకి పరిమితి పెట్టారు. అవసరం లేని ఫ్రేములకి కరెంటు పోయడం ఎందుకు.

బెజవాడ_బుల్లోడు
మళ్లీ ఆగింది. రాత్రి 9:40కి. కేబుళ్లు వేరుగానే ఉన్నాయి, 60 పరిమితి మాత్రం పెట్టలేదు.

గుంటూరు_గేమర్
ఇక ఆలస్యం దేనికి, ఎస్‌ఎంపీఎస్ మార్చు.

స్క్రూడ్రైవర్_సరళ
మార్చేముందు పగలు ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ టెస్ట్ పెట్టి చూడు తమ్ముడూ. సీపీయూ, కార్డు రెండిటినీ ఒకేసారి పూర్తిగా పరిగెత్తిస్తుంది, సైబర్‌పంక్ కంటే ఎక్కువే లాగుతుంది. పక్కనే కూర్చుని చూడు, వదిలేసి వెళ్లకు. వేడి, వోల్టేజ్ లెక్కలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగ్ కూడా ఆన్ చేసుకో, ఒకవేళ ఆగితే చివరి వరుసలో ఏముందో తెలుస్తుంది.

బెజవాడ_బుల్లోడు
అక్కా, పొద్దున 11 గంటలకి పెట్టాను. 40 నిమిషాలు. ఆగలేదు! కార్డు 78, సీపీయూ 76. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 12 వోల్టుల లైన్ మాత్రం 11.7కి పడింది. అది తప్పా?

గుంటూరు_గేమర్
11.7! దొరికింది.

సోల్డర్_సుబ్బు
దొరకలేదు. 12 వోల్టులకి అటూ ఇటూ 5 శాతం, అంటే 11.4 దాకా పాసే. పైగా అది బోర్డు మీద సెన్సార్ చెప్పే లెక్క, దాన్ని నమ్మి ఎవరూ సామాను కొనకండి. మల్టీమీటర్ పెట్టి చూడాలి.

గుంటూరు_గేమర్
సుబ్బు గారూ, ఒప్పుకుంటా. కానీ టెస్ట్ పాసైతే ఎస్‌ఎంపీఎస్ మంచిదని కూడా అనలేం. టెస్ట్‌లో లోడు ఒకే తీరుగా ఉంటుంది, గేమ్‌లో ఒక్కసారి ఎగిసి ఒక్కసారి పడుతుంది. భాగ్యనగర్ బ్రో చెప్పిన ఆ మిల్లీసెకన్ల దెబ్బ టెస్ట్‌లో అంతగా తగలదు. నాకు తెలిసిన ఇద్దరికి టెస్టులన్నీ పాసై గేమ్‌లోనే ఆగేది, ఎస్‌ఎంపీఎస్ మార్చాకే తగ్గింది.

సోల్డర్_సుబ్బు
ఆ మాట నిజం, కాదనను. అయితే ఒక్కటి గమనించండి. ఓవర్‌లోడై రక్షణ కోసం ఆగిన ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు వెనక స్విచ్ ఆపి వేసేదాకా మళ్లీ లేవవు. ఇతనిది బటన్ నొక్కగానే లేస్తోంది. లోపల నుంచి కాదు, బయట నుంచే కరెంటు క్షణం పాటు పోయి వచ్చినప్పుడు ఇలా ఉంటుంది. టైములు రాయమన్నాను, ఇంకా పెట్టలేదు.

బెజవాడ_బుల్లోడు
ఇవిగో. 6008లో ఉన్నవన్నీ: 9:52, 10:31, 9:18, 11:05, 10:10, 9:27, 9:58, 10:44, 9:40. అన్నీ రాత్రివే.

కొత్తిమీర_కోడర్
అన్నీ తొమ్మిది దాటాకే! నువ్వు ఎన్నింటికి మొదలుపెడతావు రోజూ?

బెజవాడ_బుల్లోడు
ఏడున్నరకి. మధ్యలో అన్నానికి ఓ అరగంట. అవును, తొమ్మిదిలోపు ఎప్పుడూ ఆగలేదు, ఇప్పుడే గమనిస్తున్నా.

స్క్రూడ్రైవర్_సరళ
పీసీ ఆగిన క్షణంలో ఇంట్లో ఇంకేమైనా ఆగుతోందా? లైట్లు మినుకుమనడం, ఫ్యాన్ స్పీడు తగ్గడం, వైఫై పోవడం లాంటివి?

బెజవాడ_బుల్లోడు
అక్కా, మీరు అడిగాక ఒళ్లు జలదరించింది. పీసీ ఆగిన ప్రతిసారీ పక్క గదిలోంచి చెల్లి 'అన్నయ్యా, వైఫై పోయింది' అని అరుస్తుంది. నెట్ సమస్య వేరే అనుకుని కేబుల్ వాళ్లకి రెండుసార్లు ఫోన్ కూడా చేశాను. నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఉంటాను కదా, లైట్లు ఆపి ఆడతాను కాబట్టి ఫ్యాన్, లైటు సంగతి తెలీదు. రూటర్, మానిటర్, పీసీ మూడూ ఒకే యూపీఎస్‌కి ఉన్నాయి.

స్క్రూడ్రైవర్_సరళ
యూపీఎస్ ఉందని ఇప్పుడా చెప్పేది! ఎన్ని వీఏ? బ్యాటరీ ఎప్పటిది?

బెజవాడ_బుల్లోడు
600 వీఏ. 2021లో పీసీతోపాటే కొన్నాను. బ్యాటరీ మార్చలేదు. కరెంటు పోతే ఐదు నిమిషాలు బాగానే నిలబడుతుంది, పగలు ఆఫీసు పనిలో ఉండగా పోయినప్పుడు చూశాను, అందుకే దాని మీద అనుమానమే రాలేదు.

స్క్రూడ్రైవర్_సరళ
దాని వెనక చిన్న అక్షరాలతో 360 వాట్లు అని ఉంటుంది చూడు. వీఏ అంటే వాట్లు కాదు. ఇప్పుడు లెక్క కట్టు: కార్డు 220, సీపీయూ 76, బోర్డు, ర్యామ్, డ్రైవులు, ఫ్యాన్లు కలిపి ఒక 50. దగ్గరదగ్గర 350. ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి లాగేటప్పుడు నష్టం కలుపుకుంటే 400. మానిటర్ 30, రూటర్ 10. మొత్తం 440. ఆఫీసు పనిలో అయితే అంతా కలిపి 120 కూడా ఉండదు, వాలరెంట్‌కి 200 ఉంటుందేమో. గోడ కరెంటు ఉన్నంతసేపు యూపీఎస్ దాన్ని అలా పంపించేస్తుంది కాబట్టి 440 అయినా నెట్టుకొస్తుంది. వోల్టేజ్ క్షణం పాటు పడి బ్యాటరీ మీదకి మారాల్సి వచ్చిందా, 360 మోసేది 440 మోయలేదు, అందులో బ్యాటరీ ముసలిది. టప్. లైన్ సరికాగానే యూపీఎస్ అదే మళ్లీ ఆన్ అవుతుంది, అందుకే నువ్వు బటన్ నొక్కితే పీసీ లేస్తోంది.

మరి రాత్రి తొమ్మిదికి మీ ఇంట్లో ఏం ఆన్ అవుతుంది?

బెజవాడ_బుల్లోడు
అమ్మానాన్నల గదిలో ఏసీ. సరిగ్గా తొమ్మిదికి, సీరియల్ అయిపోయాక.

గుంటూరు_గేమర్
అమ్మో.

కొత్తిమీర_కోడర్
ఈ కేసు పట్టింది చెల్లి! ఆమెకి వేరే రూటర్ కొనివ్వాలి.

భాగ్యనగర్_బెంచ్‌మార్క్
ఏసీ తొమ్మిదికే కదా ఆన్ అయ్యేది, మరి 10:44కి, 11:05కి ఎందుకు ఆగుతోంది?

సోల్డర్_సుబ్బు
ఇన్వర్టర్ ఏసీ కాకపోతే గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది, వేడెక్కగానే మళ్లీ లేస్తుంది, రాత్రంతా అదే పని. లేచిన ప్రతిసారీ మామూలుగా తీసుకునేదానికి కొన్ని రెట్లు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఆ క్షణంలో లైన్ వోల్టేజ్ కుంగుతుంది. ప్రతిసారీ పీసీ ఆగకపోవడానికి కారణం, ఆ క్షణంలో గేమ్ ఎంత లాగుతోందన్నదే. మెనూలో ఉంటే బతుకుతుంది, ఫైటింగ్‌లో ఉంటే పోతుంది.

రుజువు కావాలంటే ఇలా చెయ్యి. పగలు, ఏసీ లేనప్పుడు. గేమ్ సేవ్ చేసుకుని, బాగా లోడు పడే చోట నిలబడి, యూపీఎస్ ప్లగ్గు ఉన్న గోడ స్విచ్ ఆపు. ప్లగ్గు పీకొద్దు, స్విచ్ ఆపితే ఎర్త్ కలిసే ఉంటుంది. వేరే ఫైళ్లు ఏవీ తెరిచి ఉంచుకోకు. అంతకుముందు డెస్క్‌టాప్‌లో ఉండగా ఒకసారి, గేమ్‌లో ఒకసారి.

బెజవాడ_బుల్లోడు
చేశాను. డెస్క్‌టాప్‌లో స్విచ్ ఆపితే బీప్ బీప్ అంటూ నిలబడింది, రెండు నిమిషాలయ్యాక నేనే ఆన్ చేశాను. గేమ్‌లో ఆపితే ఒక్క సెకను కూడా లేదు, అచ్చం రాత్రి ఆగినట్టే. చెల్లి 'వైఫై' అంది.

డల్లాస్_దేశీ
ఇక్కడ 120 వోల్టులు, కథ మాత్రం ఒకటే. చలికాలం రూమ్‌మేట్ 1500 వాట్ల హీటర్ పెట్టినప్పుడల్లా నా గదిలో బ్రేకర్ పడేది, నేను నెల రోజులు కొత్త ఎస్‌ఎంపీఎస్ బాక్సు పక్కన పెట్టుకుని పాతదాన్ని తిట్టాను. రెండు గదులూ ఒకే 15 ఆంప్స్ లైన్ మీద ఉన్నాయని ఇంటి ఓనర్ చెప్పాక తెలిసింది.

గుంటూరు_గేమర్
నేను తప్పు చెప్పాను బుల్లోడూ. నా మాట విని ఏడు వేలు పెట్టి ఉంటే రేపు రాత్రి మళ్లీ ఆగేది. ఇప్పటికి యూపీఎస్ తీసేసి నేరుగా గోడకి పెట్టి ఆడు, తేలిపోతుంది.

ఎర్తింగ్_ముఖ్యం
నేరుగా గోడకి పెట్టేముందు రెండు ముక్కలు. ఆ ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ ఉందో లేదో చూసుకోండి, క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడితే లేనట్టే. స్పైక్ గార్డ్ పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, పక్క గదిలో ఏసీ వేస్తే ఈ గదిలో వోల్టేజ్ అంతలా ఎందుకు పడుతోంది? వైరింగ్ బాగుంటే పడకూడదు. యూపీఎస్ మార్చుకుని ఈ సంగతి వదిలేస్తారేమో, దయచేసి వదలొద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వీధి మొత్తంలో వోల్టేజ్ తక్కువగా ఉంటే అది వేరే, అప్పుడు కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేయాలి.

బెజవాడ_బుల్లోడు
ఐదు రోజులు స్పైక్ గార్డ్‌తో నేరుగా గోడకి పెట్టి ఆడాను. ఒక్కసారీ ఆగలేదు. ఎర్తింగ్ ముఖ్యం గారి మాట మీద ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలిచాం. మల్టీమీటర్ నా ప్లగ్‌లో పెట్టి అమ్మవాళ్ల ఏసీ వేయించారు. 226 ఉన్నది కంప్రెసర్ లేచినప్పుడు 180 దాకా పడి మళ్లీ 215కి వచ్చింది. ఇల్లు నాన్న 1998లో కట్టించారు, అప్పుడు ఏసీ అనుకోలేదు, తర్వాత పెట్టినప్పుడు నా గదికి వెళ్లే లైన్ మీదే కలిపేశారట. బోర్డు విప్పితే న్యూట్రల్ వైరు స్క్రూ వదులై, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది. చేత్తో ముట్టుకుంటే వేడి.

నాన్న దాన్ని చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ గోడకి అవతల వాళ్ల మంచం ఉంటుంది.

ఎర్తింగ్_ముఖ్యం
ఇవాళే మార్పించండి. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి వేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ. అది అయ్యేదాకా ఆ ఏసీ వేయొద్దు, ఒక్క రాత్రి ఉక్కపోసినా పరవాలేదు.

బెజవాడ_బుల్లోడు
అదే రోజు సాయంత్రం పని మొదలైంది, మర్నాడు మధ్యాహ్నానికి అయిపోయింది. ఇప్పుడు ఏసీ లేచినా నా ప్లగ్‌లో 222 కంటే తగ్గడం లేదు. వైరు, ఎంసీబీ, కూలీ కలిపి ఐదు వేల ఆరు వందలు అయింది. షాపులో చెప్పిన ఎస్‌ఎంపీఎస్ కంటే తక్కువ.

ఇక యూపీఎస్. బ్యాటరీ మార్చుకోవాలా, కొత్తది కొనాలా?

స్క్రూడ్రైవర్_సరళ
పాతదానికి బ్యాటరీ వేసుకుని రూటర్‌కి, చెల్లి ల్యాప్‌టాప్‌కి ఉంచెయ్, వాటికి బ్రహ్మాండంగా సరిపోతుంది. పీసీకి 1100 వీఏ, 660 వాట్లది తీసుకో. కొనేముందు వాట్లు ఎంతో డబ్బా మీద చదువు, వీఏ ఒక్కటే పెద్దగా రాస్తారు. నీ ఎస్‌ఎంపీఎస్‌కి యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉంటుంది, అలాంటివాటిలో కొన్నిటికి చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల వేవ్ పడదు, మారిన క్షణంలో ఆగిపోతాయి. కుదిరితే షాపులోనే పీసీ పెట్టి, గేమ్ ఆన్ చేసి, స్విచ్ ఆపి చూపించమను. గోడ కరెంటులాగే నున్నటి వేవ్ ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ అయితే నిశ్చింత, కానీ ధర బాగా ఎక్కువ.

రాజమండ్రి_రీబూట్
నాదీ ఇదే సమస్య, గేమ్‌లో టక్కున ఆగుతుంది. కానీ మా ఇంట్లో యూపీఎస్ లేదు, ఏసీ లేదు. ఆగాక బటన్ నొక్కినా లేవదు, వెనక స్విచ్ ఆపి వేస్తేనే లేస్తుంది. 3080, ఆరేళ్ల నాటి 650 వాట్లు.

గుంటూరు_గేమర్
నేనిప్పుడు వెంటనే చెప్పను. 6008 టైములు పెట్టు ముందు, కేబుల్ ఒకటా రెండా ఫొటో తీసి పెట్టు.

సోల్డర్_సుబ్బు
టైములు ఎలాగూ పెట్టు. కానీ గుంటూరు తమ్ముడూ, 3080కి దాన్ని తయారుచేసే ఎన్విడియా వాళ్లు కనీసం 750 వాట్లు అని చెప్తారు, వెనక స్విచ్ ఆపితేనే లేస్తోంది అంటున్నాడు. ఈసారి నీ మాటే నిజమయ్యేలా ఉంది.